నీడకు ఆశపడిన ఇరవై తొమ్మిదో రాయి

నేను ఒక కిలోమీటరు రాయిని. నా ముఖాన ఇరవై తొమ్మిది అని నల్లరంగుతో రాసి ఉంటుంది. రాయి అంటారు గానీ నేను ఏ కొండలోనూ పుట్టలేదు. రంపచోడవరం దగ్గర ఒక యార్డులో సిమెంటు, ఇసుక, కంకర కలిపి ఇనప అచ్చులో పోస్తే తయారయ్యాను. అంటే నా అబద్ధాలు నా పేరుతోనే మొదలు. వాటిలో అదే చిన్నది.

నన్ను పాతవలసిన చోటు పాపికొండల నేషనల్ పార్కు అంచున ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఉంది. కింద అటవీ చెక్‌పోస్టు పక్కన ఇరవై ఒకటో రాయి. అక్కడి నుంచి సరిగ్గా ఎనిమిది కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ ఎక్కితే ఒక పెద్ద నల్లబండ వస్తుంది. సర్వేవాళ్లు ఆ బండ మీద ఎర్రరంగుతో గీత గీసి 29 అని రాసి పోయారు. మేస్త్రి అబ్బులు తన మనుషులతో ట్రాక్టరు మీద నన్ను అక్కడికి తెచ్చాడు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గునపం వేస్తే నిప్పులు రాలాయి గానీ పెచ్చు కూడా ఊడలేదు.

"ఈ బండలో గుంత తియ్యాలంటే మన తాతలు దిగిరావాలిరా," అన్నాడు అబ్బులు. "కిందన మద్దిచెట్టు కాడ నేల మెత్తగా ఉంది. పాతేసి అన్నాలు తిందాం. నాలుగడుగులు అటూ ఇటూ అయితే కొంపలేం మునిగిపోవు."

ఆ నాలుగడుగులూ మూడు వందల తొంభై మీటర్లు. అది నాకు తెలుసు. ఎర్రగీత నా కళ్లతో నేను చూశాను. అయినా మద్దిచెట్టు కింద చల్లటి మట్టిలో నిలబెట్టేసరికి, చెప్పడానికి సిగ్గేస్తోంది, హాయిగా అనిపించింది. అబ్బులును తప్పుపట్టే హక్కు నాకు లేదు. అతను ఒక్కపూట నీడకు ఆశపడ్డాడు, నేను పదకొండేళ్లు అనుభవించాను.

లారీల వాళ్లకు నాతో పనిలేదు. నా ముఖం చూసేది సైకిళ్ల వాళ్లే. గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి ఒక సైకిలు సంఘం ప్రతి ఆదివారం తెల్లవారుజామునే వచ్చి, చెక్‌పోస్టు దగ్గర గడియారం నొక్కుకుని పైకి బయలుదేరేది. నన్ను తాకితే లెక్క పూర్తి. ఇంట్లో మంచినీళ్ల బిందె ఎత్తమంటే నడుంనొప్పి అనే పెద్దమనుషులు, ఇక్కడికి నాలుకలు బయటపెట్టుకుని వచ్చి నన్ను వాటేసుకునేవారు. మొదటిసారి ఎక్కినవాళ్లు నా నెత్తిన కొబ్బరికాయ కొట్టాలని ఆచారం పెట్టుకున్నారు. పసుపు రాశారు. ఒకాయన దండం పెట్టుకుని కోరిక కూడా కోరుకున్నాడు. అసలైన నిట్టనిలువు ఎక్కుడు నా తరవాతే ఉంది, అది ఎక్కకుండానే వీళ్లంతా కొండ గెలిచామని దిగిపోతున్నారు. నేను కొబ్బరినీళ్లు కారుతుంటే కులుకుతూ నిలబడ్డాను.

వాళ్ల టైములన్నీ చెక్‌పోస్టు టీకొట్టులో ఒక బోర్డు మీద రాసి ఉంటాయట. యాభై అయిదేళ్ల వయసు దాటాక అరగంట లోపల ఎక్కిన మొనగాడు ఒక్కడే, సంఘం పెద్ద వీర్రాజు మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. బోర్డు మీద తన పేరు చదవని ఆదివారం ఆయనకు టీ రుచించదని మిగతావాళ్లు ఏడిపించేవారు.

ఈ కొండ మీది పిల్ల పల్లాల సుగుణను సైకిలెక్కించింది ఆయనే. పంతొమ్మిదేళ్లది. సంఘం వాళ్లు తాము వాడేసిన పాత గేర్ల సైకిలు ఆమెకిచ్చారు. ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడు ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఎక్కితే రాష్ట్ర జట్టులో చోటు, క్రీడా హాస్టల్లో సీటు. మాస్టారు ఏడాదిపాటు నా పక్కన గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఒకనాడు ఆమె ఇరవై ఏడు నిమిషాల ముప్పై అయిదు సెకన్లకు నన్ను తాకింది.

"కొట్టేశావమ్మాయ్! ఇంక నీకు తిరుగులేదు," అని మాస్టారు చిన్నపిల్లాడిలా గెంతారు. సుగుణ నా మీద తల ఆనించి నవ్వింది. వేడి చెంప. అప్పుడు నేను పగిలిపోయినా బాగుండేది.

ఎంపిక వేరే ఘాట్‌లో జరిగింది. అక్కడ ఎనిమిది కిలోమీటర్లంటే ఎనిమిదే. సుగుణ ఇరవై తొమ్మిది నిమిషాలు దాటించింది. మరుసటి ఆదివారం మద్దిచెట్టు కింద ఆమె మాస్టారితో చెబుతుంటే విన్నాను.

"మీరు రాసిచ్చిన టైము కాగితం చూసి అక్కడివాళ్లు నవ్వారండి. ఈ టైము చూసిందెవరమ్మా, మీ మావయ్యా అన్నారండి అందరిలో."

రాయికి సిగ్గుండదని మీరు అనుకుంటారు. నేలలోకి కూరుకుపోదామంటే అడుగున సిమెంటు దిమ్మ వేశారు, అదీ కుదరలేదు.

రెండు రోజుల తరవాత సుగుణ ఒక్కతే వచ్చింది, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ. ముందు చక్రం కమ్మికి ఎర్ర రిబ్బను కట్టింది. రిబ్బను నేలవైపు వచ్చిన ప్రతిసారీ పైకే లెక్కపెడుతోంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. ఇరవై ఏడో రాయికీ ఇరవై ఎనిమిదో రాయికీ మధ్య నాలుగు వందల డెబ్బై ఆరు చుట్లు వచ్చాయట. ఇరవై ఎనిమిదో రాయి నుంచి నా దగ్గరికి వచ్చేసరికి రెండు వందల తొంభై. ఆగింది. నన్ను చూసింది. మళ్లీ లెక్కపెట్టుకుంటూ పైకి పోయి, ఎర్రగీత చూసి తిరిగొచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. నా ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. అరవై నాలుగు పేర్లున్న బోర్డు ఒక్కసారిగా చెల్లకుండా పోతుందంటే ఎవరికి మింగుడుపడుతుంది?

"గవర్నమెంటోళ్లు పాతిన రాయమ్మా ఇది. నీ రిబ్బను ముక్కకు తెలిసింది వాళ్లకు తెలీదా?" అన్నాడొకడు.

"కొబ్బరికాయ కొట్టిన రాయిని అంటే కళ్లు పోతాయి," అన్నాడు ఇంకొకడు.

సుగుణ మాస్టారి వైపు చూసింది. ఆయన చాలాసేపు మంచినీళ్లు తాగి, సీసా మూత బిగించి, "మనం తొక్కలేకపోతే రాయి మీదకు తొయ్యకూడదమ్మా," అన్నారు.

ఆమె సైకిలెక్కి పైకి, నల్లబండ దాకా తొక్కుకుంటూ పోయింది. ఆనాటి నుంచి రోజూ నన్ను దాటుకునే పోయేది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఉమ్మేసి పోయినా ఇంత బాధ ఉండేది కాదు.

పదిహేను రోజులకు మాస్టారు వచ్చారు. ఆదివారం కాదు, వెంట ఎవరూ లేరు. ఆయన చక్రానికి నీలం రిబ్బను ఉంది. పెదవులు కదుపుతూ నా దగ్గర ఆగి, పైకి పోయి, తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. దొంగకు దొంగ తోడన్నట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఇంకో రెండు నెలలకు రోడ్డు వెడల్పు పనులొచ్చాయి. నన్ను పెకలించి పక్కన పడేశారు. పని అయ్యాక కొత్త మేస్త్రి మళ్లీ చెట్టు కిందే గుంత తియ్యమన్నాడు. అప్పుడే వచ్చిన మాస్టారు, "ఇక్కడ కాదు, పైన బండ దగ్గర," అన్నారు.

"అది బండ సార్, ఎవడు తవ్వుతాడు?"

మాస్టారు తనే గునపం అందుకుని బండ దగ్గరికి నడిచారు. నన్ను ట్రాక్టరులో పైకి చేర్చి కూలీలు నవ్వుతూ చూస్తూ కూర్చున్నారు. అరవై నాలుగేళ్ల మనిషి, పది దెబ్బలకే చొక్కా తడిసిపోయింది. కింద నుంచి సుగుణ తొక్కుకుంటూ వచ్చి దిగింది.

"ఇలా ఇవ్వండి మాస్టారూ, చేతులు బొబ్బలెక్కుతాయి."

"ఎక్కనీ. తప్పు నాదమ్మా. రిబ్బను కట్టి నేనూ లెక్కపెట్టాను. రెండు నెలలైంది."

"తెలుసండి," అంది సుగుణ గునపం తీసుకుంటూ. "మీ చక్రానికి రిబ్బను ఇంకా ఉంది."

ఆయన సైకిలు వైపు తిరిగి చూసి, రోడ్డు మీదే కూర్చుండిపోయారు. ఆ పూటంతా ఇద్దరూ మార్చి మార్చి తవ్వారు. చివరికి కూలీలకే సిగ్గేసి లేచి ఉలులు తెచ్చారు.

ఇప్పుడు నేను ఎర్రగీత మీద, నడినెత్తిన ఎండలో ఉన్నాను. సంఘం వాళ్లు ఇక్కడిదాకా రారు. మద్దిచెట్టు మానును తాకి, దాని మొదట్లో కొబ్బరికాయ కొట్టి దిగిపోతున్నారట. బోర్డు మీద ఒక్క పేరే చెరిగిందట, మాస్టారే తుడిచేసుకున్నారట.

వచ్చే నెల మళ్లీ ఎంపిక ఉంది. ఇవాళ పొద్దున సుగుణ ఆఖరి మెలిక దగ్గర సీటు మీద నుంచి లేచి, పళ్లు బిగించి తొక్కుకుంటూ వచ్చింది. ఇన్నాళ్ల తరవాత నన్ను తాకింది. మాస్టారు గడియారం నొక్కారు.

"ఇరవై ఎనిమిది నిమిషాల తొమ్మిది సెకన్లు," అన్నారు నెమ్మదిగా, తన తప్పు చెప్పుకుంటున్నట్టు.

సుగుణ వగరుస్తూ నా ముఖం మీది అంకెను చూసింది.

"నిజంగా తొమ్మిది సెకన్లేనా ఎక్కువ, మాస్టారూ?"

"నిజంగా తొమ్మిదే."

"అయితే తగ్గిద్దాం," అని సైకిలు తిప్పుకుని, మళ్లీ మొదటి నుంచి ఎక్కడానికి కిందికి దిగిపోయింది.