అన్ని సెంటర్లకూ ఒకేసారి

క్రిస్టినా మెదక్‌లోని డెయిరీ ఆఫీసులో అడుగుపెట్టేసరికే ఫోన్లు మోగుతున్నాయి. పాపన్నపేట, నర్సాపూర్, అల్లాదుర్గ్... ఏ పాలకేంద్రంలోనూ కంప్యూటర్ పనిచేయడం లేదు. పాలలో వెన్న ఎంతుందో చూపాల్సిన తెర నల్లగా ఉండిపోయిందట.

ఆ కంప్యూటర్లను చూసుకునేది ఆమే. అన్నీ పాతవే, ఒక్కోటి ఒక్కో కాలంలో కొన్నది. అన్నింట్లోనూ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే ఉన్నా, ఒకదానికి తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఇంకోదాంట్లో నడవదు. అందుకే కొత్త వెర్షన్ వస్తే ముందు ఒక్క సెంటర్లో వేసి, బాగుందనుకున్నాకే మిగతావాటికి దేనికి సరిపడేది దానికి వేసుకుంటూ వెళ్లేది.

"అప్‌గ్రేడ్ ఎవరు చేసిండ్రు?" అని అరిచింది.

"నేనే" అన్నాడు మేనేజర్ ఇంద్రకరణ్, టీ తాగుతూనే. "నువ్వు సాగదీస్తనే ఉన్నవ్. ఒక్క కమాండ్ కొట్టిన, అన్నిట్ల పడ్డది."

"మన పాత మెషీన్లకు పనికిరాదని చెప్పిన గద సార్!"

"అయితే సరిజెయ్యి. నీ పనే గదా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్లు ఎంతగా చెడిపోయాయంటే, ఆఫీసులో కూర్చుని వాటిలోకి లాగిన్ కావడానికి కూడా వీల్లేదు. పాత ప్యాకేజీలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్కూటీ తీసింది.

పాపన్నపేటలో జనం క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వెన్న చూడకుండా చుక్క కూడా తీసుకోవద్దని మేనేజర్ ఆర్డర్. సౌభాగ్యమ్మ అనే రైతు తన క్యాన్ మూత తీసింది. పాలు విరిగిపోయాయి.

"బర్రెకు రోగమొస్తె నేను సూసుకుంట. మీ డబ్బాకు రోగమొస్తె నా పాలెందుకు ఖరాబు కావాలె?" అంటూ క్రిస్టినా కాళ్ల ముందే క్యాన్ బోర్లించింది.

'నేను చేయలేదు' అనబోయి ఆగింది క్రిస్టినా. కీబోర్డు ముందు కూర్చుంది. పాత ప్యాకేజీ ఎక్కించగానే తెర వెలిగింది. అప్పుడే ఇంద్రకరణ్ ఫోన్ చేశాడు.

"కరెంట్ పోయిందని చెప్పు వాళ్లకు."

ఆమె స్పీకర్ నొక్కి ఫోన్ పైకెత్తింది. "జర మళ్ల చెప్పుండ్రి సార్, వినవడ్తలేదు."

"కరెంట్ పోయి మెషీన్ ఆగిందని చెప్పమంటున్న!"

సౌభాగ్యమ్మ ఆ ఫోన్ లాక్కుంది. "కరెంట్ యాడ బోయింది సారూ? మా నెత్తిమీద ఫ్యాను తిరుగుతనే ఉన్నది! ఆడనే ఉండుండ్రి, వస్తున్నం."

మధ్యాహ్నానికల్లా రెండు ట్రాక్టర్ల జనం మెదక్ ఆఫీసు ముందు దిగారు. డెయిరీ చైర్మన్ వచ్చి, ఇంద్రకరణ్‌తో అందరి ముందూ తప్పు ఒప్పించాడు. ఇకనుంచి ఏ సెంటర్లో ఏ ప్యాకేజీ మార్చాలన్నా క్రిస్టినానే మార్చాలన్నాడు.

ఆ కబురు ఆమెకు అల్లాదుర్గ్‌లో అందింది. అక్కడి రైతులు ఎదురుచూసి ఎదురుచూసి వెళ్లిపోయారు. పక్కనున్న మురుగుకాలువ నిండా తెల్లగా పాలు.

"ఇగ నీదే రాజ్యం" అని నవ్వాడు సెంటర్ నడిపే కృపాదానం.

క్రిస్టినా నవ్వలేదు. కాలువలోని పాల వైపు చూసి, కోపంలో పాస్‌వర్డ్ తప్పు కొట్టి, మళ్లీ కొట్టింది.