లోపల రాగి అన్న నాణెం

భూతద్దం బాబాయ్ బల్ల మీద పెట్టిన నాణేన్ని చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. రోమన్ల వెండి నాణెం, ట్రాజన్ చక్రవర్తి బొమ్మది. బొమ్మ చెవి వెనక నుంచి మెడ దాకా సన్నటి గీత. అచ్చు దిమ్మ పగిలి ఉండగా కొట్టిన నాణేలకే పడే గీత అది. చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని, ఆ గీత పక్కనున్న అక్షరాలను ఆమె కూడబలుక్కుని చదివేది.

నాణేలు వేలం వేసే ఈ దుకాణంలో, అసలేదో నకిలీ ఏదో తేల్చే కుర్చీ అప్పట్లో నాన్నది. మెడలో భూతద్దం వేలాడేసుకుని తిరిగే ఈ వ్యాపారి ఆయనకు ప్రాణస్నేహితుడు, ఇంటిల్లిపాదికీ బాబాయ్. ఏం లాభం? నాన్న సొంతమైన ఈ నాణెం అరిగి బరువు కాస్త తగ్గిందన్న వంక పట్టుకుని, అది లోపల రాగి, పైన వెండి పూత అని నలుగురిలో అనేశాడు. నిజంగా వెండే అయితే అంచు కోసి చూపించమన్నారు అందరూ. నాన్నకు చేతులు రాలేదు. ఇన్ని వందల ఏళ్లు నిలిచినదాన్ని నేను గాయపరచనని మొండికేశాడు. దాంతో కుర్చీ పోయింది, పరువూ పోయింది. ఆ పెద్దమనిషి జాలి ఒలకబోస్తూ నాణేన్ని కారుచౌకగా కొట్టేశాడు. నాన్న ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు.

ఇప్పుడు అదే నాణేన్ని మేలిమి సరుకని సిగ్గులేకుండా తెచ్చాడు. నాన్న కుర్చీలో ఇప్పుడు ఆమె ఉంది. చుట్టూ కొనడానికొచ్చిన వాళ్లున్నారు. ఆమె తొందరపడలేదు. తూచింది, అంచు చుట్టూ చూసింది, వెనకవైపు కంకులు పట్టుకున్న స్త్రీ బొమ్మను దీపం కింద తిప్పి చూసింది.

"ఇది మా నాన్న నాణెం, బాబాయ్. పూత అన్నది మీరే. ఒకసారి ఆ మాట పడిన నాణేన్ని ఊరికే వేలానికి పెట్టం, మా పద్ధతి మీకు తెలుసు. అన్న మాట తప్పని ఒప్పుకోండి, లేదా కోస్తాను."

ఒప్పుకుంటే ఇక అతని మాట నమ్మేదెవరు? అందుకే వెటకారంగా నవ్వాడు.

"మీ నాన్న వల్ల కానిది నీ వల్ల అవుతుందా, అమ్మాయ్. కొయ్యి, చూద్దాం."

ఆమె ఉలి ఆనించి సుత్తి ఎత్తింది. అంచున చిన్న గాటు చాలు. కానీ ఆమె కసిదీరా కొట్టి, ఉలిని చక్రవర్తి చెంప దాకా దించింది.

లోపలంతా తెల్లటి వెండి.

చెంప దాకా చీలిన నాణెం చేతులు మారుతూ గదంతా తిరిగింది. చూసిన ప్రతివాడూ ఆ తర్వాత తలెత్తి బాబాయ్ వైపు చూశాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక దాన్ని కొనేవాడు లేడు, అతని మాట వినేవాడూ లేడు.

"వెండే, బాబాయ్. తీసుకెళ్లండి," అంది ఆమె.

నాన్న బతికుంటే ఈ పని చేసినందుకు తనతో మళ్లీ మాట్లాడేవాడు కాదని ఆమెకు తెలుసు. తెలిసే కోసింది.