రెండోసారి సాక్ష్యం

ఆ ఆదివారం ఆ కాగితం పోయి ఉంటే ఎంత బాగుండేది! నలభై రెండేళ్ళ జీవితంలో నేను పోగొట్టని వస్తువంటూ లేదు. లెక్కలేనన్ని గొడుగులు, రెండుసార్లు ఆధార్ కార్డు, పెళ్ళి ఉంగరం, అప్పుడే కొన్న ప్రెషర్ కుక్కరు. అలాంటిది మావారు నథానియేలు చర్చిలో చదవమని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చిన సాక్ష్యం కాగితం మాత్రం నా హ్యాండ్‌బ్యాగు జిప్పు అరలో పెట్టింది పెట్టినట్టే ఉంది. మందు పనిచేస్తోంది మరి.

నేను నర్సుని. పేరు వసంతకుమారి. బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై ఏళ్ళయింది. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, కాపురం ఆర్.కె. పురం క్వార్టర్లో. కాజువాలిటీలో ఒకేసారి నలుగురు పేషెంట్లు వచ్చిపడితే నా అంత చురుకైన మనిషి ఉండదు. ఇంటికొస్తే మాత్రం పాలు పొయ్యి మీద పెట్టి, బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళి, పక్కింటావిడతో మాట్లాడి, అటునుంచి అటే కూరలకు దిగి వచ్చేసరికి గిన్నె మాడి బొగ్గయ్యేది. ఒకసారి మా అమ్మాయి షెరిన్‌ని స్కూలు నుంచి తీసుకురావడమే మర్చిపోయాను. అప్పుడు దానికి ఆరేళ్ళు. గేటు దగ్గర నాలుగింటిదాకా నిలబడింది. ఆ రోజు మావారు నన్ను తిట్టలేదు, నిట్టూర్చి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

జనవరిలో మా హాస్పిటల్లో పిల్లల డాక్టరొకాయన మాకు ఏడీహెచ్‌డీ గురించి క్లాసు చెప్పారు. కుదురు లేని పిల్లలు, ధ్యాస ఒకచోట నిలవని పిల్లలు. ఆయన బోర్డు మీద లక్షణాలు ఒక్కొక్కటే రాస్తుంటే వెనక బెంచీలో నాకు చెమటలు పట్టాయి. అదంతా నా కథే. పెద్దయ్యాక కూడా చాలామందిలో ఇది ఉండిపోతుందని, ముఖ్యంగా ఆడవాళ్ళలో ఎవరూ కనిపెట్టరని ఆయన చివర్లో ఒక ముక్క చెప్పి వెళ్ళిపోయారు. నేను ఎవరికీ చెప్పకుండా వేరేచోట సైకియాట్రీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడుసార్లు పిలిపించి, నా చిన్నతనమంతా తవ్వి అడిగి, అవునంది. ఇది మీ తప్పు కాదని హిందీలో చెప్పింది. మెట్రోలో ఇంటికొస్తూ ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఇన్నేళ్ళు ఊరికే తిట్లు తిన్నానే అని.

పొద్దున ఒక మాత్ర, మధ్యాహ్నం ఒకటి. వాటితో పాటు నా తంటాలు నేను పడ్డాను. తలుపు పక్కన తాళాలకో ఇత్తడి గిన్నె. ఫోన్లో ఆరు అలారాలు. యూనిఫాం జేబుకి దారంతో కట్టిన చిన్న నోటుబుక్కు. పొయ్యి మీద ఏదన్నా ఉన్నంతసేపూ గరిటె చేత్తో పట్టుకునే ఇల్లంతా తిరగడం. చేతిలో గరిటె ఉంటే పొయ్యి గుర్తుంటుంది. గరిటెతో తలుపు తీస్తే కొరియర్ భయ్యా బెదిరిపోయేవాడు. కానీ నెల తిరిగేసరికి మా ఇంట్లో ఒక్క గిన్నె మాడలేదు.

మావారికి చెప్పక తప్పలేదు. ఆయన ముందు తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ వసంతా. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతందంటే సంఘంలో ఏమనుకుంటారు? నర్సువి. హాస్పిటల్లో తెలిస్తే నీ చేతికి ఇంజెక్షన్ ఇస్తారా?"

ఆ చివరి మాటతో నేనూ సరేనన్నాను. షెరిన్‌కి థైరాయిడ్ మాత్రలని చెప్పాం.

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. నేను మాత్రలు మొదలుపెట్టిన వారానికే, మావారు ఎప్పుడో ఇచ్చిన ప్రార్థన మనవి అందుకుని, మా తెలుగు చర్చి సంఘపెద్ద బాబురావు అంకుల్ నా మతిమరపు పోవాలని ఉపవాస ప్రార్థన పెట్టారు. ఇరవై ఒక్క రోజులు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, షుగర్ ఉంది, ఒంటిపూట భోజనంతో గడిపారు. నేను రేకుపెట్టెతో ఢిల్లీ స్టేషన్లో దిగినప్పుడు ఎదురొచ్చింది ఆయనే. ఎనిమిది నెలలు తన ఇంట్లో అన్నం పెట్టి, ఉద్యోగం చూపించి, ఈ సంబంధం కుదిర్చిందీ ఆయనే. మనల్ని తిట్టేవాళ్ళ మీద తిరగబడొచ్చు. మన కోసం పస్తున్న మనిషిని ఏమంటాం?

నేను బాగుపడ్డానని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆరాధనకు టైముకి వస్తున్నాను, పాటల పుస్తకం మర్చిపోవడం లేదు. ఇక సాక్ష్యం చెప్పాల్సిందే. మా దగ్గర ప్రార్థన నెరవేరితే నలుగురిలో నిలబడి చెప్పడం ఆనవాయితీ. చెప్పకపోతే దేవుడికి బాకీ పడ్డట్టే చూస్తారు. నేను రెండు నెలలు నైట్ డ్యూటీ అని, జలుబని తప్పించుకున్నాను. జూన్ మొదటి ఆదివారం ఖాయం చేసేశారు.

అదొక్కటే అయితే ఎలాగో మింగేద్దును. షెరిన్ ఉంది. పదిహేడేళ్ళు, పన్నెండో క్లాసు. పుస్తకం ముందు మూడు గంటలు కూర్చుంటుంది, అదే పేజీ. కాలు ఊగుతూనే ఉంటుంది. ప్రాక్టికల్ రికార్డు మూడుసార్లు పారేసింది. అడిగితే "భూల్ గయీ మమ్మీ" అని, మర్చిపోయానని తల దించుకుంటుంది. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు. పదకొండులో మార్కులు చూసి వాళ్ళ నాన్న ఫోన్ లాక్కుని పాత బటన్ల ఫోన్ ఇచ్చారు. నాకు తెలుసు, అది ఫోన్ వల్ల కాదు.

"ఏవండీ, దీన్ని కూడా ఆ డాక్టరమ్మకి చూపిద్దాం" అన్నాను.

"ముందు నీ సాక్ష్యం కానీ. తర్వాత దీనికీ ప్రార్థన పెట్టిద్దాం" అన్నారు. ఆ సాయంత్రమే కాగితం రాసిచ్చారు.

అందులో ఒక వాక్యం ఉంది. 'ఏ మందూ మాకూ లేకుండా ప్రభువే నన్ను ముట్టి స్వస్థపరచాడు' అని. అది తీసెయ్యమని బతిమాలాను. తీసేస్తే అసలు సాక్ష్యమెందుకన్నారు.

మా సంఘానికి సొంత గుడి లేదు. హిందీవాళ్ళ ఆరాధన అయ్యాక రెండింటికి మాకు హాలు ఇస్తారు. ఆ రోజు ఎండకి ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. పాస్టరు అయ్యగారి ప్రసంగం అయ్యాక బాబురావు అంకుల్ లేచి నా పేరు పిలిచారు. బ్యాగు జిప్పు తీస్తూ కూడా ఆశపడ్డాను, కాగితం ఉండకూడదని. ఉంది.

చదివాను. ప్రతి వాక్యానికీ హాలంతా "స్తోత్రం" అంటోంది. ఆ వాక్యం దగ్గర కాగితం మీంచి తల ఎత్తాను. మొదటి వరసలో అంకుల్ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. చదివేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీలో కూలబడ్డాను. నా మీద నాకే అసహ్యమేసింది. అయినా అయిపోయిందిలే అనుకున్నాను.

అవలేదు. అంకుల్ మళ్ళీ మైకు అందుకున్నారు.

"తల్లిని బాగుచేసిన దేవుడు బిడ్డని బాగుచెయ్యడా? నథానియేలు నాతో బిడ్డ చదువు సంగతంతా చెప్పాడు. ఇయ్యాల్టి నుంచి షెరిన్ కోసం ఉపవాసం మొదలుపెడతన్నా. ఇరవై ఒక్క రోజులు. ఇట్రా బంగారం."

షెరిన్ లేచింది. అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి, తల దించుకుని నిలబడింది. అంకుల్ దాని తల మీద చెయ్యి ఉంచారు. దాని మోకాలు ఊగుతోంది. ఆ స్కూలు గేటు నాకు గుర్తొచ్చింది. మళ్ళీ దాన్ని ఆ గేటు దగ్గరే వదిలేసి వచ్చినట్టయింది.

సాక్ష్యం ఎవరూ రెండోసారి చెప్పరు. నేను ముందుకు వెళ్ళేసరికి పొగడ్త ఏదో మర్చిపోయాననుకున్నారేమో, అంకుల్ నవ్వుతూ మైకిచ్చారు.

"ఇందాక నేను చదివింది అబద్ధం" అన్నాను. "నేను ఫిబ్రవరి నుంచి మాత్రలు వేసుకుంటున్నాను. సైకియాట్రీ డాక్టరు రాసిచ్చింది. నాకున్నది ఏడీహెచ్‌డీ. పుట్టినప్పటినుంచీ ఉంది. షెరిన్‌కీ ఉందేమో, డాక్టరు చూస్తేనే తెలుస్తుంది. దాని కోసం మీరెవరూ పస్తుండొద్దు. దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

ఎవరూ స్తోత్రమనలేదు. అంకుల్ చెయ్యి షెరిన్ తల మీద నుంచి మెల్లగా దిగింది.

"నీ కోసం ఇరవై ఒక్క రోజులు అన్నం మానుకున్నా తల్లీ" అన్నారు, మైకు లేకుండా, నాకు మాత్రమే వినపడేలా. "ఆ ప్రార్థన వల్లేగా నీకా డాక్టరు దగ్గరికెళ్ళే బుద్ధి పుట్టింది? ఆ మాటన్నా చెప్పమ్మా."

ఆయన నాకొక దారి ఇస్తున్నారు. ఆ ఒక్క మాట చెబితే అందరూ గట్టున పడేవాళ్ళు. మావారు కూడా తల ఎత్తి నావైపే చూస్తున్నారు.

"అంతకు ముందే వెళ్ళానంకుల్" అన్నాను. "మీరు పెట్టిన అన్నం నేను మర్చిపోలేదు. కానీ అంతకు ముందే వెళ్ళాను."

మావారు లేచి బయటికి వెళ్ళిపోయారు. స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. నేను షెరిన్ చెయ్యి పట్టుకుని ఆ ఎండలో నడిచి ఇంటికొచ్చాను. రెండో అంతస్తు మెట్లెక్కి, తాళంచెవి కోసం భుజం తడుముకుంటే బ్యాగు లేదు. హాల్లో కుర్చీ మీదే వదిలేశాను. తాళంచెవి, ఫోను, మాత్రలు, డాక్టరమ్మ చీటీ, అన్నీ అందులోనే. షెరిన్ తన పాత ఫోన్ నుంచి వాళ్ళ నాన్నకి చేస్తే కట్ చేశారు. మందు వేసుకున్నా నేను నేనే. ఇంట్లోకి పోలేం, ఆ హాల్లోకి తిరిగి పోయే మొహం లేదు. మెట్ల మీద కూర్చున్నాం.

"థైరాయిడ్ నహీ థా?" అంది షెరిన్.

"కాదమ్మా. అబద్ధం చెప్పాను."

గోడకున్న పెచ్చు గోటితో గీకింది. తర్వాత తెలుగులో, మాట మాటకీ తడుముకుంటూ అంది. "నేను చెడ్డదాన్ని అనుకున్నా మమ్మీ. చిన్నప్పుడు... గేట్ దగ్గర నువ్వు రాలేదు కదా. నేను బ్యాడ్ కాబట్టి రాలేదు అనుకున్నా."

పదకొండేళ్ళు. ఆ మాట లోపల పెట్టుకుని పదకొండేళ్ళు నా పక్కనే అన్నం తింది. దాన్ని దగ్గరికి తీసుకుని గట్టిగా ఏడ్చాను. పై అంతస్తులో ఎవరో తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకున్నారు.

కళ్ళు తుడుచుకుని లేచాను. "పద, బ్యాగు తెచ్చుకుందాం."

"వాపస్? వాళ్ళందరూ అక్కడే ఉంటారు. సబ్ దేఖేంగే మమ్మీ."

"చూడనీ. అందులో నా మాత్రలున్నాయి" అని మెట్లు దిగాను. షెరిన్ నా వెనకే దిగింది.