కాలువ వెంట కదిలిన టార్పాలిన్లు

మా ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది మా మహిళా సంఘం. దానికి నేను అధ్యక్షురాలిని. నోరు కొంచెం పెద్దదని పేరు. బాన్సువాడలో జరిగిన కొనుగోలు కేంద్రాల మీటింగులో ముందు లేచింది కూడా నేనే.

ఏటా ఏ కేంద్రానికి ఆ కేంద్రమే టార్పాలిన్లు కొనుక్కునేది. తక్కువకు ఇచ్చేవాళ్ల దగ్గరే తెచ్చేవాళ్లం. రెండు వానలకే అవి జల్లెడలయ్యేవి. కొత్తగా వచ్చిన కొనుగోళ్ల అధికారి సుచరిత మేడమ్ ఈసారి అందరికీ కలిపి తానే కొంటానంది. తీరా చూస్తే నిజాంసాగర్ నీళ్లు ఏ ఊరికి ముందు అందుతాయి, ఏ ఊళ్లో ముందు కోస్తారు అని అడగడం మొదలుపెట్టింది.

"కొనేది టార్పాలిన్లు, అడిగేది కాలువ ముచ్చట. గిదేంది మేడమ్?" అన్నాను.

ఆమె నవ్వింది. "ముందు కోసిన ఊళ్లో పనైపోతే, అవే టార్పాలిన్లు తర్వాత కోసే ఊరికి పంపొచ్చు కదక్కా. అప్పుడు తక్కువ కొంటే చాలు. మందంవి కొనొచ్చు."

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా మాకెందుకు తట్టలేదని నాకు ఒళ్లు మండింది. మా ఊరికి నీళ్లు ఆలస్యం, కోతలూ ఆలస్యమే. ఊరుకోలేక మళ్లీ లేచాను.

"తూకమైన బస్తాలు లారీ వచ్చేదాక ఆడనే ఉంటయి. వాటి మీదియి తీసి మాకెవరిస్తరు?"

ఆమె రాయడం ఆపింది. "నేను కుప్పలే చూశాను. బస్తాల సంగతి మరిచిపోయాను" అంది. అంతమంది ముందు ఒక ఆఫీసరు అలా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. బస్తాల కోసం విడిగా మరికొన్ని అక్కడికక్కడే కలిపింది. తర్వాత అమ్మేవాళ్లు తెచ్చిన టార్పాలిన్లను ఊక మీద పరిపించి, బిందెలతో నీళ్లు పోయించింది. కింద ఊక తడిస్తే ఆ టార్పాలిన్ వెనక్కే. ఆమె మీద నాకు గౌరవం పుట్టింది ఆరోజే.

కోతలయ్యాక మా కేంద్రంలో మొదట కుప్ప పోసింది సమ్మవ్వ. కౌలు పొలం, ఆమె ఏడాది బతుకంతా ఆ కుప్పలోనే ఉంది. టార్పాలిన్లు ముందు కోసిన పై ఊరి బాలన్న కేంద్రం నుంచి రావాలి. అవి రాకముందే మబ్బు కమ్ముకొచ్చింది.

"నా వడ్లు పోతయేమో బిడ్డా" అంటూ సమ్మవ్వ కుప్ప చుట్టూ తిరుగుతోంది.

ఫోనులో బాలన్నను దులిపేశాను.

"ఆగక్కా. బస్తాలకు వేరేయి కప్పినం. మీయి ఎప్పుడో ఆటోల ఎక్కిచ్చిన" అన్నాడతను.

ఆటో వచ్చింది. అందరం తలో మూల పట్టుకుని కప్పి కట్టామో లేదో, వాన దంచికొట్టింది.

పొద్దున్నే సమ్మవ్వ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసింది. ఒక గింజ కొరికింది. కటుక్కుమంది. నాకు ఏడుపొచ్చింది. మేడమ్‌కు ఫోన్ చేసి, "ఒక్క గింజ తడవలే మేడమ్" అన్నాను.

సమ్మవ్వ బస్తాలు లారీ ఎక్కిన రోజు టార్పాలిన్ కనిపించలేదు. ఇంటికి తీసుకెళ్లిందని తెలిసి, దాచుకుందేమోనని కోపంగా పోయాను. ఆమె దాన్ని కడిగి, ఆరబెట్టి, మడత పెడుతోంది.

"కాలువ చివరి ఊర్ల కుప్పలు ఇంక ఆరుతున్నయంట గదా" అంది తలెత్తకుండానే. "మల్ల మొగులైతుంది, వాన పడ్తది. జల్ది పంపు బిడ్డా."