రెండో ఉత్తరం ఎవరినడగాలి

బోటనీ ల్యాబులో కూర్చున్నాననే అనుకుంటున్నాను గానీ, స్టూళ్లన్నీ బస్సు సీట్లలా ఒకే వైపు తిరిగి ఉన్నాయి, కిటికీల బయట కొబ్బరితోటలు వెనక్కి పరిగెడుతున్నాయి, ఇదేమిటని ఎవరినైనా అడుగుదామంటే పక్క సీట్లో మా బోటనీ లెక్చరర్ పరదేశి సార్ మైక్రోస్కోపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సార్ పోయి ఏడాదిన్నర అయింది. ఆ సంగతి ఆయనకు గుర్తు చేస్తే బాగుండదని ఊరుకుంటున్నాను.

"ఏటమ్మా హైమావతీ, మొహం అలా పెట్టేవు?"

"ఎమ్మెస్సీకి అప్లై చేస్తున్నాను సార్. మన గురించి బాగా తెలిసిన లెక్చరర్లు ఇద్దరు రికమెండేషన్ ఉత్తరాలు రాయాలిట. కెమిస్ట్రీ సార్ ఒకటి పంపారు. రెండోది ఇవాళ అయిదులోపు వెళ్లకపోతే సీటు మర్చిపోవడమే."

"సిఫారసా!" సార్ ఎంత గట్టిగా అంటారంటే బస్సు ఆగిపోతుంది. "ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరికీ చెయ్యలేదు. మా తోడల్లుడి కొడుక్కే చెయ్యలేదు. పోయాక మొదలెట్టమంటావా?"

అయితే ఆయనకూ గుర్తుందన్నమాట.

"ఆ సిఫారసు కాదు సార్. పిల్ల ఎలాంటిదో ఉన్నదున్నట్టు రాయడం."

"ఉన్నదున్నట్టు రాస్తే సీటెవడిస్తాడు?" అని కాస్త చల్లబడతారు. "ఎవర్ని అడిగేవు?"

"ప్రిన్సిపాల్ గారిని. 'నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతాను' అన్నారు."

"నీ పేరు తెలుసా ఆయనకి?"

"హేమలత అని పిలిచారు."

సార్ పగలబడి నవ్వుతారు, ఆ నవ్వుకి బస్సు మళ్లీ కదులుతుంది, నేను రాసిన ఉత్తరం నా చేతిలోకి ఎలా వచ్చిందో వచ్చి, నా గొంతు దానంతటదే చదివేస్తోంది: "ఈమె క్రమశిక్షణకు మారుపేరు, నాయకత్వ లక్షణాలు ఈమెకు పుట్టుకతోనే..."

"ఎవరమ్మా ఈవిడ? మన కాలేజీయేనా?"

సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. "మీరుంటే మిమ్మల్నే అడిగేదాన్ని సార్," అంటుంటే ఏడుపు వచ్చేస్తోంది, ఆయన లేకపోవడం నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. "కానీ రికార్డులో నాకు సున్నా వేశారు. ఉల్లి వేరు కొనలో కణ విభజన అందరూ పుస్తకంలోంచి దించేశారు. నాకు మైక్రోస్కోపులో ఏమీ కనబడలేదు కాబట్టి పేజీ ఖాళీగా వదిలేశాను. సున్నా ఎందుకో అడిగేలోపే వెళ్లిపోయారు."

"బొమ్మ గీయకపోతే మార్కులెలా వేస్తాను?" సార్‌కి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "అయినా ఆ ఖాళీ పేజీ పట్టుకెళ్లి స్టాఫ్‌రూమంతా చూపించేను. దాని గురించి వరహాలమ్మ మేడంతో గంటసేపు మాటాడేను. ఆవిడ్ని అడుగు."

"ప్రాక్టికల్స్‌లో రోజూ నన్నే తిట్టే వరహాలమ్మ మేడమా?"

"తిట్టాలంటే నిన్ను చూడాలి కదమ్మా," అని లేచి, కొబ్బరితోటలో దిగి చకచకా నడిచిపోతున్నారు.

"సార్, మైక్రోస్కోపు కాలేజీది!"

నా అరుపుకి నాకే మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. లాప్‌టాప్ మీదే పడి నిద్రపోయాను. చెంప కింద చెరిపే మీట నొక్కుకుపోయి, ప్రిన్సిపాల్ గారి పేరున పొద్దుట్నుంచీ రాసినదంతా పోయింది. ఖాళీ పేజీ తెల్లగా వెలుగుతోంది.

మళ్లీ రాయబుద్ధి కాలేదు. వరహాలమ్మ మేడంకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"అయిదింటికా? ఇప్పుడా అడగడం? బుద్ధుందా నీకు?" అని అందుకుని, తిడుతూనే, ఉత్తరం ఫారం పంపమని తన ఈమెయిల్ ఒక్కో అక్షరం విడమరచి చెప్పారు.