కొండ వాటా

మనిషిని ముందు పడేస్తే గాని నేర్చుకోడా? ఈ సందేహం నోయెలీన్‌ను ఏళ్ల తరబడి వదల్లేదు. చర్చిలో మోకరిల్లినప్పుడు కూడా అదే అడిగేది. నువ్వు కూడా అంతేనా ప్రభూ, ముందు పడనిచ్చి తర్వాత చెయ్యి అందిస్తావా, అని. జవాబు రాలేదు. రాలేదని అడగడం మానలేదు.

సందేహం పుట్టింది కొండమీదే. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ నుంచి పడమరగా పోతే, మంచుమీద జారడానికి పేరున్న స్కీ కొండలన్నీ దాటాక, మట్టిరోడ్డు చివర ఆ చిన్న కొండ ఉంది. సభ్యులే వండుకుని, సభ్యులే ఊడ్చుకుని నడుపుకునే కొండ. కుర్చీ లిఫ్టులు లేవు. డీజిల్ ఇంజన్ల మీద తిరిగే తాళ్లున్నాయి. స్కీలు తొడుక్కుని, పరుగెత్తే తాడును చేత్తో పట్టుకుని, నడుముకు కట్టుకున్న ఇనుప పటకారును దానిమీద బిగించుకుంటే తాడే పైకి లాక్కుపోతుంది.

కిటుకల్లా ఒక్కటే. తాడును ఒక్కసారిగా పట్టుకోకూడదు. ముందు చేతిలో జారనివ్వాలి, మెల్లగా బిగించాలి, ఒళ్లు దాని వేగాన్ని అందుకున్నాకే పటకారు వెయ్యాలి. కొత్తవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పకపోవడమే అక్కడి ఆచారం. "గట్టిగా పట్టుకో" అంటారు. పట్టుకున్న మనిషి భుజం ఊడివచ్చినట్టు ఎగిరి మంచులో బోర్లా పడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు స్కీ కర్రలు టకటకలాడించి, "కొండ వాటా చెల్లింది!" అని అరుస్తారు. ఆ పూట నుంచి అతడు వాళ్లవాడు.

నోయెలీన్ కూడా చెల్లించింది, పెళ్లయిన కొత్తలో. గట్టిగా పట్టుకోమన్నది పాత సభ్యుడు డెస్మండ్, అందరూ డెస్ అంటారు. గ్లౌజు చినిగి అరచెయ్యి కాలింది. మర్నాడు సభ్యుల గుడిసెలో ఆమె కొక్కేనికి ఒక జత తోలు తొడుగులు వేలాడుతున్నాయి. తాడు రాపిడికి గ్లౌజులు చినగకుండా పైన వేసుకునేవి. పెట్టిందెవరో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పటినుంచీ ఆమె అవే వాడుతోంది. ఎవరికో బాకీ ఉన్నాననే మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

అక్కడ ఆగస్టంటే మంచుకాలం. ఆ శనివారం గుడిసె వంటింట్లో ఆమె స్కోన్ రొట్టెలకు వెన్న రాస్తుంటే డెస్ లోపలికొచ్చాడు. ఇప్పుడతను సంఘానికి అధ్యక్షుడు. భార్య ఐరిస్ పోయాక మాటలో ఉన్న కాస్త తడి కూడా ఆరిపోయింది.

"రేపు కింది తాడు విప్పేస్తున్నా. దాని ఇంజను పైతాడుకు పోతుంది," అన్నాడు బూట్లయినా దులుపుకోకుండా.

కింది తాడంటే కొత్తవాళ్ల కోసం వేసిన పొట్టి తాడు. నోయెలీన్ కత్తి కింద పెట్టింది.

"అది తీసేస్తే కొత్తవాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?"

"ఎవరా కొత్తవాళ్లు? చలికాలమంతా కలిపి పట్టుమని పదిమంది రారు. వచ్చినవాళ్లు ఒకసారి పడి, ఏడ్చి, కారెక్కి పోతారు."

"పడేసేది ఎవరు మరి?"

"కొండ."

"కొండకు నోరెప్పుడొచ్చింది డెస్? గట్టిగా పట్టుకో అని కొండ చెప్పడం నేనెప్పుడూ వినలేదే."

డెస్ ఒక స్కోను తీసుకుని కొరికాడు. "ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"నీ నోట్లో ఏం పెట్టినా ఉప్పగానే ఉంటుంది."

అప్పుడే కిటికీ బయట ఒక ఆడమనిషి కనిపించింది. అద్దె స్కీలను కట్టెలమోపులా చంకన పెట్టుకుని ఏటవాలు దారిలో ఆయాసపడుతూ వస్తోంది. ఆమె పేరు సీనా, సమోవా దీవుల అమ్మాయి, ఊళ్లో బస్సు నడుపుతుంది. పెద్ద కొండకు వెళ్లి, వరసల్లో నిలబడీ నిలబడీ, చివరికి బుడ్డ పిల్లలు పక్కనుంచి దూసుకుపోతూ వెక్కిరిస్తే మనసు విరిగి తిరిగొచ్చింది. చిన్న కొండ, జనం లేని కొండ ఎక్కడైనా ఉందా అని వెతికి వెతికి నోయెలీన్‌కు ఫోన్ చేసింది.

"జనం లేరన్నారు, నిజమే ఆంటీ!" అంది తలుపు దగ్గర నిలబడి, నవ్వుతూ.

"జనం లేరమ్మా. డెస్ ఉన్నాడు."

డెస్ ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "సరే నోయెలీన్, పందెం. మధ్యాహ్నం టీ లోపల ఈ పిల్ల పడకుండా కింది తాడు మీద పైకి వెళ్తే ఇంజన్ని ముట్టుకోను. పడిందా, రేపు పొద్దున్నే విప్పేస్తాను. ఇంకోసారి నీ గొంతు నాకు వినపడకూడదు."

"మాట మీద ఉంటావా?"

"నువ్వు రోజూ మొక్కే ఆయనకంటే గట్టిగా ఉంటాను."

"ఆయన్ని లాగకు," అంది నోయెలీన్. మొహం ఎర్రబడింది. కానీ పందెం ఒప్పుకుంది.

పందెం మాట ఎలా పాకిందో, సభ్యులందరూ పైతాడు వదిలి కింది తాడు దగ్గరికి దిగారు. కర్రలు చేతుల్లో సిద్ధంగా పట్టుకున్నారు. కియా అనే కొండచిలక ఒకటి కూడా ఇంజను షెడ్డు మీద వాలి రబ్బరు ముక్క పీకుతూ కూర్చుంది. డెస్ ఇంజను తిప్పాడు. నూనె కంపు, పొగ. తాడు బుసకొడుతూ కదిలింది.

నోయెలీన్ సీనా నడుముకు పటకారు కట్టి, ఆమె పల్చటి గ్లౌజులు చూసి తన తోలు తొడుగులు విప్పి తొడిగింది. బొటనవేలి దగ్గర ఎర్రదారం కుట్టు ఉన్న పాత తొడుగులు.

"ఇక గట్టిగా పట్టుకో, అమ్మాయ్!" అని డెస్ అరిచాడు. "వదిలావంటే జారిపోతావు!"

సీనా చెయ్యి చాచింది. సభ్యులెవరూ నోరు విప్పలేదు. ఎన్నేళ్లుగానో ఎందరు కొత్తవాళ్లు పడుతున్నా చూస్తూ ఊరుకున్నట్టే నోయెలీన్ ఇప్పుడూ ఊరుకోవచ్చు. ఊరుకుంటే తాడు పోతుంది. మాట్లాడితే ఈ కొండమీద తనతో కలిసి టీ తాగేవాళ్లు ఉండరు. ప్రభూ, చెయ్యి అందించాల్సింది పడ్డాకేనా?

"పట్టుకోకు సీనా!" అంది గట్టిగా. "జారనీ. నీ చేతిలో జారనీ. బస్సు క్లచ్చు వదిలినట్టు, మెల్లగా... మెల్లగా బిగించు. ఆఁ, ఇప్పుడు పటకారు!"

సీనా వంగింది, ఊగింది, ఒక స్కీ పక్కకు తిరిగింది. పడిందనుకుని ఎవరో కర్ర టక్కుమనిపించారు కూడా. పడలేదు. పటకారు తాడును కరిచింది. అరుస్తూ, తిడుతూ, వాళ్ల భాషలో దేవుణ్ణి పిలుస్తూ పైదాకా వెళ్లి చేతులెత్తింది.

కర్రలు మోగలేదు. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని పైతాడు వైపు వెళ్లిపోయారు.

డెస్ ఇంజను ఆపి కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఆచారం మంటగలిపావు! మా నాన్న నన్ను పడేశాడు. వాళ్ల నాన్న ఆయన్ని పడేశాడు. పడకుండా నేర్చుకున్నది ఒక చదువేనా?"

"నేను పడ్డాను. పడి నేర్చుకున్నదేమిటో తెలుసా? నీ మాట నమ్మకూడదని. తాడు సంగతి ఆ తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను."

"పెద్ద ధర్మాత్మురాలివి! పరాయి సొమ్ము దానం చెయ్యడం కూడా ఆ చర్చిలోనే నేర్పారా?"

"ఏ సొమ్ము?"

"ఆ పిల్ల చేతికున్న తొడుగులు. నావి! నువ్వు పడ్డ రోజు ఐరిస్ నా కొక్కెం మీంచి తీసి నీ కొక్కేనికి తగిలించింది. ఆ చలికాలమంతా నా గ్లౌజులు కాలి నా వేళ్లు కాలి..."

నోయెలీన్ పైనున్న సీనా చేతులకేసి చూసింది. "ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు తిరిగిచ్చేస్తావు. ఇస్తే ఐరిస్ నాకు కూడు పెట్టదు," అన్నాడు కసిగా. "పడేసినవాడివి నువ్వే, ఇచ్చుకునేదీ నువ్వే అంది."

సీనా వంకరటింకరగా జారుతూ దిగి, ఆగడం తెలియక షెడ్డుకు తగులుకుని ఆగింది. చిలక తిట్టుకుంటూ లేచిపోయింది. "ఆంటీ, మళ్లీ ఎక్కుతాను!"

"ఎక్కుదువులే. ముందు ఆ తొడుగులిటివ్వు."

నోయెలీన్ వాటిని దులిపి, ఎర్రదారం కుట్టు పైకి వచ్చేలా మడిచి డెస్ ముందు పట్టింది. అతను వెంటనే తీసుకోలేదు. ఐరిస్ వేసిన ఆ కుట్టును బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"అరగదీశావు," అన్నాడు.

"వాడితే అరగవా? మాట మీద ఉంటావా లేదా?"

"ఇంజను ఇక్కడే ఉంటుంది. నూనె మాత్రం నేను పొయ్యను."

"నేను పోసుకుంటాను."

డెస్ ఆ తొడుగులు లాక్కుని, ఒకటి తర్వాత ఒకటి వేళ్లదాకా ఎక్కించుకున్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా షెడ్డులోకి వెళ్లి ఇంజను తిప్పాడు.