శుక్రవారం గుమ్మడికాయ

ఫిల్మ్ నగర్‌లో ముప్పై ఏళ్లు డైరీతోనే నెట్టుకొచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ బాలనర్సయ్య, సహాయ దర్శకురాలు గీతిక పోరు పడలేక ఫోన్ క్యాలెండర్‌కి మారాడు. అందులో ఏది రాసినా, ఆ పని చూసేవాళ్లకి దానంతటదే చేరిపోతుంది. షూటింగ్ ఆఖరి రోజున దిష్టి తీసి కొట్టడం ఆనవాయితీ కదా అని, "శుక్రవారం గుమ్మడికాయ" అని ఎక్కించాడు.

శుక్రవారం ఆఖరి షాట్ అయ్యాక గుమ్మడికాయ తెమ్మంటే, ఫోన్‌లో ఆ కబురు అందుకున్న వంట మేస్త్రి గంగాళం మూత తీశాడు. యూనిట్ మొత్తానికీ పులుసు!

"ఏందమ్మా గిది?" అని బాలనర్సయ్య మండిపడ్డాడు.

"క్యాలెండర్‌కి మన ఆనవాయితీలు తెలీవు సార్, మనమే చెప్పాలి," అంది గీతిక నవ్వాపుకుంటూ.

పులుసు మాత్రం అదిరింది. రెండోసారి వడ్డించుకుని, కొత్త సినిమా ముహూర్తం ఆయనే ఎక్కించాడు: "సోమవారం కొబ్బరికాయ. కొట్టనీకి. చట్నీకి కాదు."